దంత్యాలు

చాదర్‌ఘాట్ బ్రిడ్జి దిగుతుంటే ఆటో అడ్డమొచ్చింది.
డ్రైవరు బ్రేకు తొక్కిండు.
చేతుల టికెట్ మిషిన్ ఎగిరొచ్చి
నా ముందరి పన్నుకు తగిలింది.
సీట్ల కింద అందరం వంగి వెతికినం:
రెండు రూపాయల బిళ్ళ దొరికింది,
పల్లిపొట్టు దొరికింది,
ఎవరిదో చెవిదుద్దు దొరికింది.
పన్ను దొరకలే.

ఆరో తరగతిల సుభద్ర టీచరు
బెత్తం బల్లమీద కొట్టి చెప్పించేది
త థ ద ధ న, ఇవి దంత్యాలు అని.
అక్షరాలకు కూడా ఆనుకునే గోడ కావాలని
నలభై రెండేండ్లకు తెలిసింది.
దిల్‌సుఖ్‌నగర్ అని కేకేస్తే
దిల్ గాలికి పోయి ఉత్త నగర్ మిగిలేది.
సైదాబాద్ అంటే ఒక్క ఈల, బండి ఆగేది.
సంతోష్‌నగర్ అంటే రెండు ఈలలు,
రైట్ అన్ననేమో అనుకొని
డ్రైవరు ఆపకుండనే కొట్టుకపోయేటోడు.
దిగేటోళ్ళు నన్ను తిట్టిండ్రు.
నేను కొంగు అడ్డం పెట్టుకొని తిట్లు విన్న,
తిరిగి తిట్టాలన్నా పన్ను కావాలె.

మలక్‌పేటల మందుల షాపు మీద, రెండో అంతస్తు.
డాక్టర్ నుస్రత్ చీటీ వెనక బొమ్మ గీసింది:
ఇటొక పన్ను, అటొక పన్ను,
నడుమ లేనిదాన్ని మోసుకుంట.
"పక్క రెండిటినీ అరగదీయాలమ్మా,
వాటికి తొడుగులేస్తే నడుమది నిలబడ్తది."
మంచిగున్నయి గదా, అవేం తప్పు చేసినయి?
ఆమె నవ్వలే.
స్క్రూ పెడ్తే వాటిని ముట్టుకునే పని లేదన్నది,
దాని ఖర్చూ చెప్పింది.
నేను బొమ్మ దిక్కే చూసిన.

మా డిపోల రజిత కాన్పుకు పోయినప్పుడు
ముందటి డ్యూటీ నాది, వెనకటి డ్యూటీ మంగది.
ఆర్నెల్లు చార్టుల నడుమ ఆమె పేరు ఉండె, మనిషి లేకుండె.
బండి ఒక్కనాడు ఆగలే.
మంగ మోకాళ్ళు ఇప్పటికీ నొస్తయి.
అడిగితే, ఏం గాదు తియ్యి అంటది.

సరే అన్న.

మిషిన్ గిర్రున తిరిగింది, కొమ్ము కాలిన వాసన.
అద్దంల చూస్తే నా రెండు పళ్ళు
చెక్కిన పెన్సిల్ ముల్లుల్లెక్క,
ఎవరికీ చూపియ్యని బట్టల్లెక్క.
వారం దాకా టెంపరరీ, సకినాలు కొరకొద్దన్నది.
తర్వాత రంగులు చూపించింది,
లాడ్‌బజార్ల గాజులోడు వరుసగా పరిచినట్టు.
తెల్లటిది పెట్టమ్మా అన్నడు కాంపౌండరు.
వద్దు, రోజుకు ఆరు చాయల రంగు పెట్టుమన్న.

అది ఇప్పుడు నా నోట్ల ఉన్నది.
నాలుక మాత్రం ఇంకా నమ్మలే,
గడియకోసారి పోయి తలుపు తట్టొస్తది.
రాత్రిపూట దాని కిందికెళ్ళి దారం ఎక్కిస్త,
దారానికి ఏదీ అడ్డం రాదు.
పైన ఎంత కట్టినా
కింద ఖాళీ ఖాళీనే.
చాదర్‌ఘాట్ దాటేటప్పుడు కిటికీల నుంచి తల వంచి
ఇంతకుముందు చూడనిది చూస్తున్న,
కమాన్ల కింద చీకటిని.

సైదాబాద్ స్టాపుల సాత్విక్ ఎక్కిండు,
రెండో తరగతి.
నా పన్ను పోయినప్పుడు వానిదీ పోయి ఉండె.
"కండక్టరాంటీ, సేమ్ టు సేమ్" అని
చిగురు చూపించి
టికెట్ లేని దోస్తానా చేసిండు.
ఇప్పుడు వానికి రంపంలెక్క కొత్త పన్ను పొడిచింది.
నా నోరు చూసి మొహం మాడ్చుకున్నడు.
"నీకు ఎన్నొద్దులకు వచ్చింది?"
"పద్నాలుగు వేలకు" అన్న.
వాడు వేళ్ళమీద లెక్కపెట్టబోయి,
"అన్ని రోజులా? నాకు ఊరికెనే వచ్చిందిగా" అన్నడు.

సంతోష్‌నగర్, దిగండ్రి, సంతోష్‌నగర్.
ఈల రాలే.
బండి ఆగింది.